కాటన్ దొర ఎండలో నడిచిన దారి: ధవళేశ్వరం నుంచి గన్నవరం దాకా

ధవళేశ్వరం ఎప్పుడు వెళ్లాలని రాజమండ్రిలో ఎవరినడిగినా రెండు కాలాలే చెబుతారు. వరద చూడాలంటే ఆగస్టు, హాయిగా తిరగాలంటే కార్తీకం తర్వాత. అక్కడ గోదావరి మీదున్న ఆనకట్ట చూడ్డానికైతే ఆ మాట నిజమే. దాన్ని కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఎలాంటి బతుకు బతికాడో తెలుసుకోవాలంటే మాత్రం మే నెలలో వెళ్లాలి. మేము అందుకే మండువేసవిని ఎంచుకున్నాం.

కారణం సూటిగా ఉంటుంది. గోదావరిలో పునాది పని చేయడానికి నది ఇచ్చే గడువు చాలా తక్కువ. సంక్రాంతి దాటాక గాని నీరు బాగా తగ్గి ఇసుక తిన్నెలు బయటపడవు. జూన్ రెండో పక్షం వచ్చేసరికి పైనుంచి ఎర్రనీరు మొదలవుతుంది. ఆ మధ్యలో దొరికే నాలుగైదు నెలల్లోనే ఏటి నడిబొడ్డున తవ్వాలి, దించాలి, కట్టాలి, కట్టింది ఆరాలి. అంటే ఈ మనిషి పని రుతువు మొత్తం ఎండాకాలమే. ఇక్కడ మేలో నలభై డిగ్రీలు దాటడం మామూలు. ఇసుక మీద పది గంటలకే చెప్పుల్లోంచి సెగ తగులుతుంది. నీడకు ఒక్క చెట్టుండదు. 1847లో పని మొదలైనప్పుడు ఆయన వయసు నలభై నాలుగు. పదహారేళ్ల వయసులో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి 1821లో మద్రాసు రేవులో దిగిన మనిషి, అప్పటికే పాంబన్ జలసంధి సర్వే చేసి, బర్మా యుద్ధానికి వెళ్లొచ్చి, కావేరి మీద ఏళ్ల తరబడి పనిచేసి, ఎండకూ జ్వరాలకూ ఒళ్లు అప్పగించి ఉన్నాడు.

మే నెలకు ఇంకో లాభం కూడా ఉంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయ్యాక ఏప్రిల్ నెల నడిమికి కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో వదులుతారు. మామూలు రోజుల్లో నిండుగా పారుతూ కనిపించే కాలువలు ఈ నెలన్నర ఎండి, అడుగు కనిపిస్తుంది. పడవలు దాటే లాకుల లోపలి మెట్లు, తూముల గుమ్మాలు, రాతికట్టు అడుగున ఉన్న పాత సున్నపు పని, అన్నీ బయటపడతాయి. మే 15 కాటన్ పుట్టినరోజు కూడా. డెల్టా ఊళ్లలో రైతులు ఆయన విగ్రహాలకు దండలు వేసేది ఆ రోజే. విగ్రహం లేని మండలం ఉభయ గోదావరుల్లో వెతికినా దొరకదేమో.

రాజమండ్రి స్టేషన్ నుంచి దక్షిణంగా ఏడెనిమిది కిలోమీటర్లు వెళితే ధవళేశ్వరం. షేర్ ఆటోలు, సిటీ బస్సులు తెల్లవారకముందే మొదలవుతాయి. ఐదున్నరకల్లా బయల్దేరితే ఎనిమిదింటికి నది మీద చూడవలసింది ముగుస్తుంది, ఆ తర్వాత మ్యూజియంలో నీడపట్టున ఉండొచ్చు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, తలకు తువ్వాలు, గొడుగు తప్పవు. కొబ్బరిబొండాలు లంకల్లో దొరుకుతాయి గాని బ్యారేజీ మీద దొరకవు.

ముందుగా జనార్దనస్వామి గుడి ఉన్న కొండ ఎక్కడం మంచిది. ఆనకట్టకు రాయి ఇచ్చింది ధవళేశ్వరం కొండే. కాటన్ ఈ చోటును ఎంచుకోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి: రాయి పక్కనే ఉంది, నది వెడల్పుగా పరుచుకుని లోతు తగ్గింది, మధ్యలో లంకలు ఉన్నాయి కాబట్టి నాలుగు ముక్కలుగా కట్టుకోవచ్చు, డెల్టా తల కూడా ఇక్కడే. క్వారీ నుంచి రేవుకు పట్టాలు పరిచి బండ్లలో రాయి దించారు. మన దేశంలో ప్రయాణికుల రైలు 1853లో బొంబాయిలో నడిచింది. అంతకు కొన్నేళ్ల ముందే ఇక్కడ రాళ్ల బండ్లు పట్టాల మీద దొర్లాయి. రేవు నుంచి పడవల్లో లంకలకు చేర్చేవారు.

కొండ మీంచి చూస్తే కట్టడంలోని ఆ నాలుగు ముక్కలూ, అంటే నాలుగు భుజాలూ, వరసగా అర్థమవుతాయి. తూర్పు నుంచి పడమరకు ధవళేశ్వరం భుజం, తర్వాత పిచ్చుకలంక, ర్యాలి భుజం, బొబ్బర్లంక, మద్దూరు భుజం, మద్దూరులంక, చివరికి విజ్జేశ్వరం భుజం. ఇప్పుడు మనం చూసేది కాటన్ కట్టింది కాదు, దాని స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజీ. గేట్లు ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175. గేట్లున్న భాగం నిడివి 3,599 మీటర్లు. లంకలతో కలుపుకుంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాదాపు ఆరు కిలోమీటర్లు. మీద రోడ్డుంది. నడవగలిగినవాళ్లు పిచ్చుకలంక దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కితే సరిపోతుంది.

మేలో బ్యారేజీకి ఎగువన నీళ్లు నిలిచి ఉంటాయి, దిగువన కంటికి ఆనినంత మేర ఇసుక. ఆ ఇసుకలోకి చూస్తే కాటన్ ముందున్న చిక్కు కళ్లకు కడుతుంది. ఎంత తవ్వినా రాయి తగలదు. పునాది రాతి మీద వేయాలన్నది ఆయన చదువుకున్న చదువు. రాయి లేని చోట అంత పెద్ద నదిని ఆపడం ఎలా? ఈ జవాబు ఆయనకు ఇంగ్లండులో దొరకలేదు, కావేరి మీద దొరికింది. చోళుల కాలపు ఆనకట్ట కల్లణై ఇసుకలోనే నిలబడి ఉంది. ఇసుకలోకి రాళ్లు దించి, అవి కుంగితే మళ్లీ దించి, కుంగడం ఆగేదాకా వేస్తూపోవడమే అక్కడి కిటుకు. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది నిలపడం ఈ దేశపు పాత పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసిపెట్టాడు. 1836లో కావేరి పాయ అయిన కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి ఆ విద్యను పరీక్షించుకున్నాకే గోదావరికి వచ్చాడు.

ఇసుకలో పని ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయన రోజులన్నీ గడిచింది ఈ పనిలోనే. ముందు ఇసుకను నీటిమట్టం దాకా తీస్తారు. అక్కడ గుండ్రని చెక్క చట్రం పరిచి, దాని మీద ఇటుకతో నూతి ఒర కడతారు. సున్నం గట్టిపడ్డాక మనిషి ఒరలోకి దిగి లోపలి ఇసుక తోడుతుంటే ఒర తన బరువుకు తానే దిగుతుంది. దిగుతున్నకొద్దీ పైన ఇంకో వరస ఇటుక. చెప్పడానికి సులువే గాని చిక్కంతా దిగడంలోనే ఉంది. ఇసుక మధ్యలో ఒక పక్క బంకమట్టి పొర తగిలితే ఆ పక్క ఆగిపోయి ఒర ఒరుగుతుంది. అప్పుడు ఎత్తుగా ఉన్న వైపు బరువు పెట్టి, దాని కిందనే తవ్వి నిలువుకు తేవాలి. తొందరపడి లోపల మరీ లోతుగా తోడితే బయటి ఇసుక అడుగునుంచి లోపలికి ఉరికి ఒర పగులుతుంది. అనుకున్న లోతు చేరాక రాళ్లు, సున్నంతో నింపి, పక్కపక్క ఒరల మధ్య సందులు మూస్తారు. అలా వరసలు వరసలుగా నూతులు, వాటి మీద గోడలు, గోడల మధ్య ఇసుక నింపుడు, పైన రాతికట్టు తొడుగు. దిగువ వైపు నీరు జారిపోవడానికి వాలు, ఆ వాలు చివర ఎంతో దూరం గుట్టలుగా పోసిన విడిరాయి.

కాటన్ కట్టిన ఆనకట్ట ఎత్తు ఏటి అడుగునుంచి పన్నెండు అడుగులే. ఇంత పెద్ద నదికి ఇంత పొట్టి కట్టడమా అని చూసినవాళ్లు అంటారు. అదే దాని బలం. ఎగువ నీటికీ దిగువ నీటికీ ఎత్తు తేడా పెరిగేకొద్దీ అడుగు ఇసుకలోంచి ఊట పెరుగుతుంది. ఆ ఊట దిగువన పైకి లేచేటప్పుడు ఇసుకను మోసుకొస్తే అడుగున బొరియ పడుతుంది, బొరియ పెద్దదైతే పైకట్టు కూలుతుంది. ఎత్తు తక్కువ పెట్టి, పునాది వెడల్పు ఎక్కువ ఇచ్చి, నూతుల వరసలు అడ్డం పెడితే ఊటకు దారి పొడుగై దాని వేగం చస్తుంది. వరదకు అడ్డు నిలవడం ఈ కట్టడం పని కాదు. వేసవిలో, కార్తీకంలో తగ్గిన నీటిని కాలువల ఎత్తుకు లేపి, వరదను మాత్రం నెత్తి మీంచి పోనివ్వాలి.

నెత్తి మీంచి పోయే ఆ నీటితోనే రెండో గండం. పైనుంచి పడిన నీరు దిగువన గుంట తవ్వుతుంది. గుంట కట్టు అడుగుదాకా పాకితే ప్రమాదం. అందుకే విడిరాయి. గుంట పడగానే రాళ్లు అందులోకి జారి దాన్ని పూడుస్తాయి. వచ్చే ఏడు పైన మళ్లీ రాయి పోయాలి. ఏటా పోయాలి. కాటన్ తన అంచనాల్లో మరమ్మతును లోపంగా ఎంచలేదు, కట్టడంలో భాగంగానే లెక్కేశాడు. సర్కారుకు ఇది రుచించేది కాదు. ఒకసారి డబ్బిచ్చాక మళ్లీ ఎందుకివ్వాలని అడిగేవారు. నది రోజూ పనిచేస్తుంటే కట్టడం ఒక్కరోజుతో ఎలా ముగుస్తుంది? ఆ వాదన ఆయన ఉద్యోగ జీవితమంతా సాగింది. మా అభిప్రాయంలో ఆయన గొప్పదనం తెలివిలో కంటే ఈ ఓర్పులోనే ఎక్కువ కనిపిస్తుంది.

సున్నం సంగతి కూడా చెప్పాలి. కాల్చిన సున్నాన్ని ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో మెత్తగా నూరితే గాని నీటిలో నిలిచే పట్టు రాదు. నూరిన సున్నం నిలవుంటే చెడుతుంది. కట్టాక వారాల తరబడి తడి ఆరకుండా చూడాలి, లేకపోతే ఎండకు పొడిబారి పిండిలా రాలుతుంది. జూన్‌లో వరద వారం ముందొస్తే పచ్చిగా ఉన్న పని మొత్తం పోతుంది. అందుకే నది ఏ పాయలో తక్కువ పారుతుందో చూసి ముందు ఆ భుజం కట్టుకుంటూ, నీటిని మిగతా పాయల్లోకి తిప్పుతూ వచ్చారు. వందల మంది వడ్రంగులు, కమ్మరులు, వేల మంది మట్టిపని కూలీలు ఏటి ఇసుకలోనే మకాం.

1848లో కాటన్ ఒళ్లు ఈ ఎండకు తట్టుకోలేకపోయింది. పని మధ్యలో కెప్టెన్ ఆర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లాడు, 1850లో తిరిగొచ్చాడు. ఆర్ ఆ రెండేళ్లూ పని ఆగనివ్వలేదు. ఆయన పేరు మన ఊళ్లలో వినిపించకపోవడం న్యాయం కాదు. ఆనకట్ట 1852 మార్చి 31కి పూర్తయింది.

ఆస్ట్రేలియా దారి కాటన్‌కు కొత్త కాదు. అంతకుముందు కావేరి పని చేస్తూ జబ్బుపడి సెలవు మీద టాస్మానియా వెళ్లినప్పుడే 1841లో అక్కడ ఎలిజబెత్ లెర్‌మంత్‌ను పెళ్లాడాడు. తొలి కూతురు 1842లో అక్కడే పుట్టింది, ఆమెకూ ఎలిజబెత్ అనే పేరు పెట్టారు. భార్యాబిడ్డలతో మన దేశం తిరిగొచ్చి, మొదట విశాఖపట్నంలో కొంతకాలం పనిచేసి, తర్వాత గోదావరి ఒడ్డుకు చేరాడు. అంటే ఆనకట్ట నాలుగేళ్ల పసిపిల్ల ఉన్న ఇంటి పక్కన లేచింది. ఆ కూతురే పెద్దయ్యాక లేడీ హోప్ అయింది. తండ్రి పోయిన మరుసటి ఏడు, 1900లో, ఆయన జీవితచరిత్రను అచ్చువేయించింది. ఆయన ఇంట్లో ఎలా ఉండేవాడో, పని గురించి ఎలా మాట్లాడేవాడో ఈ రోజు మనకు తెలుస్తున్నదంటే చాలావరకు ఆ బిడ్డ వల్లే. మ్యూజియానికి వెళ్లేవాళ్లు ముందుగా ఆ పుస్తకంలో గోదావరి భాగమైనా తిరగేసి వెళితే గోడల మీది బొమ్మలు మాట్లాడతాయి.

కాటన్ మ్యూజియం ధవళేశ్వరంలోనే ఉంది, 1988 నుంచి నడుస్తోంది. ఆనకట్ట నమూనాలు, పాత ఫోటోలు, ఆవరణలో పనిలో వాడిన యంత్రాలు. నమూనా దగ్గర ఆగి కట్టడం అడ్డుకోత చూడండి, పైన రాసిన నూతుల వరసల సంగతి అక్కడ తేలిగ్గా బోధపడుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందు బ్యారేజీ, తర్వాత మ్యూజియం అనే వరస పాటిస్తే మేలు. తిరగేస్తే నమూనా ఉత్త బొమ్మలా మిగిలిపోతుంది.

మ్యూజియం కంటే లాకులకు ఎక్కువ సమయం ఇవ్వాలని మా సలహా. ఆనకట్ట కాలువ తలల దగ్గర మూడేసి పనులు పక్కపక్కన ఉంటాయి: కాలువకు నీరిచ్చే తల తూము, దాని ముందు మేట వేసిన ఇసుకను ఏట్లోకి కడిగేసే అడుగు తూములు, పడవలు దాటే లాకు. ధవళేశ్వరంలో తూర్పు డెల్టాకు, బొబ్బర్లంకలో మధ్య డెల్టాకు, విజ్జేశ్వరంలో పశ్చిమ డెల్టాకు ఇదే ఏర్పాటు. అడుగు తూములు లేకపోతే రెండు మూడు వరదలకే కాలువ ముఖం ఇసుకతో పూడుకుపోతుంది. లాకు పనితీరు కాలువ ఎండినప్పుడే బాగా తెలుస్తుంది. రెండు తలుపుల మధ్య రాతి గది. నది వైపు నుంచి పడవ కాలువలోకి దిగాలంటే, ముందు కింది తలుపు మూసి, పై తలుపులోని చిన్న కన్నాలు తెరిచి గదిని నది మట్టానికి నింపుతారు. నీరు సమానమయ్యాక గాని పై తలుపు కదలదు. పడవ లోపలికి వచ్చాక పై తలుపు మూసి, కింది కన్నాలు తెరిస్తే నీరు కాలువ మట్టానికి దిగుతుంది. అప్పుడు కింది తలుపు తెరుస్తారు. తలుపుల జోడు ఎగువకు ముక్కులా పొడుచుకొని ఉండేది ఎందుకంటే, నీటి ఒత్తిడే రెంటినీ ఒకదానికొకటి అదిమి పెడుతుంది.

ధవళేశ్వరం లాకు దగ్గర వీణం వీరన్న పేరున్న శిలాఫలకం వెతకండి. కాటన్ కింద సబ్ ఇంజనీరుగా పనిచేసి, మనుషులను కూడగట్టి, పని ముగిశాక కూడా కాలువల బాధ్యత మోసిన తెలుగువాడు. రావుబహదూరు బిరుదు పొందాడు, 1867లో పోయాడు. దొర ఆలోచనకూ వేలాది కూలీల చేతులకూ మధ్య నిలబడింది ఈయనే.

కాలువలు ఎలా నడిపారో చూడాలంటే గట్టు మీద కొంత దూరం పోవాలి. డెల్టాలో నేల ఏటి ఒడ్డునే ఎత్తు, ఏటికి దూరమయ్యేకొద్దీ పల్లం. ఏటేటా వరద ఒడ్డునే ఎక్కువ ఒండ్రు వేయడం వల్ల అలా ఏర్పడుతుంది. కాబట్టి పారుదల కాలువ ఎత్తు వెంబడి పోవాలి, మురుగు కాలువ పల్లం వెంబడి పోవాలి. ఆ వాలు మైలుకు ఒక అడుగు చొప్పున ఉంటే ఎక్కువ, కంటికి కనిపించదు. వేల ఎకరాల్లో ఈ ఎత్తుపల్లాలు పట్టుకోవడానికి మట్టం కొలిచే పరికరం మోయించుకుంటూ గుర్రం మీదా కాలినడకనా తిరగడమే గతి. పారుదల మీద పెట్టిన శ్రద్ధ మురుగు మీద అంతగా పెట్టలేదన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. ఇప్పటికీ పెద్ద వానకు డెల్టాలో చేలు రోజుల తరబడి మునిగి ఉండడానికి పూడుకుపోయిన మురుగు కాలువలే ముఖ్య కారణం.

బొబ్బర్లంక దగ్గర గట్టుపని చూస్తున్న లస్కరు ఒకాయన పీత బొరియ చూపించారు. బొటనవేలు పట్టేంత కన్నం, దాని నోట తడి మట్టి ఉండలు. "ఇదేం చేస్తుందిలే అనుకోకూడదండీ, గండి పడేది దీంతోనే," అన్నారాయన. కాలువ నిండితే నీరు ఆ కన్నంలోంచి గట్టు అవతలికి ఊరుతుంది. ముందు తేట నీరు వస్తుంది. బురద నీరు రావడం మొదలైందంటే లోపల మట్టి కోసుకుపోతున్నదన్నమాట. దీన్నే గట్టుకు బుంగ పడడం అంటారు. బయటి నోరు బిగించి కప్పితే నీరు పక్కనుంచి ఇంకో దారి చేసుకుంటుంది. నీటి వైపు నోరు వెతికి అక్కడ మట్టి, గడ్డి కుక్కి మూయాలి. అది దొరక్కపోతే బయట ఊట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, నీటిని ఆ వలయంలో నిలవనిచ్చి, ఒత్తిడి తగ్గించాలి. ఆనకట్ట అడుగున ఊటను ఆపడానికి కాటన్ నూతులు దించాడు, ఇక్కడ ఈయన బస్తాలు పేరుస్తారు. రెండు చోట్లా తగువు ఇసుకతోనే.

వరద మాట వచ్చింది కాబట్టి ఆగస్టులో వెళ్లేవాళ్లకు ఒక ముక్క. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరి 10 లక్షల క్యూసెక్కులు పారితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలకు రెండోది, 17.75 అడుగులు, 17 లక్షలకు మూడోది. మొదటి హెచ్చరిక వెలువడితే లంకల వైపు ప్రయాణం మానుకోండి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల పైమాటే వచ్చింది. ఆ ఏడు గట్లు తెగిన ఊళ్ల పేర్లు కోనసీమలో పెద్దవాళ్లు ఇప్పటికీ వరసగా చెబుతారు.

బొబ్బర్లంక నుంచి రోడ్డు రెండుగా చీలుతుంది. నేరుగా పోతే మద్దూరు, విజ్జేశ్వరం మీదుగా నిడదవోలు. ఎడమకు తిరిగితే కాలువ వెంట ఆత్రేయపురం, రావులపాలెం. మేము ఎడమ దారి పట్టాం. ఆత్రేయపురంలో పూతరేకులు కొనేవాళ్లు నేతివి అడిగి తీసుకోండి, ఎండలో బండి మీద పెడితే బెల్లం చెమర్చి రేకు మెత్తబడుతుంది, నీడలో ఉంచాలి. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అంబాజీపేట, అక్కడి నుంచి పి.గన్నవరం. దారి పొడుగునా కొబ్బరితోటల నీడ. ధవళేశ్వరం ఇసుక మీద కాగిన ఒంటికి అంతకంటే ఏం కావాలి.

ఈ పచ్చదనం ఎప్పుడూ ఉన్నది కాదు. 1832, 33 ప్రాంతాల్లో వచ్చిన నందన కరువులో, 1839లో కోరంగి రేవును ముంచిన తుపానులో ఈ జిల్లా చితికిపోయింది. నది నిండుగా సముద్రంలోకి పోతుంటే ఒడ్డునున్న జనం తిండి లేక చచ్చారు, బతికినవాళ్లు వలసపోయారు. 1844లో సర్కారు పంపిన అధికారి మోంట్‌గొమరీ ఇచ్చిన నివేదిక ఆ దైన్యాన్ని సర్కారు ముందు పెట్టింది. అదే ఏడు కాటన్ మొదటి నివేదిక, 1845లో రెండోది. ఆనకట్టకు ఆయన వేసిన తొలి అంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. 1846 డిసెంబరులో అనుమతి వచ్చింది. ఈ రోజు ఆ నీటి కింద పారేది పది లక్షల ఎకరాలు.

గన్నవరంలో గోదావరి చీలిక అయిన వైనతేయ పాయ మీద అక్విడక్టు ఉంది. నగరం లంకకు నీరు పోవాలంటే కాలువ నదిని దాటాలి. నలభై అడుగుల కమానులు 49 కట్టి, కాలువను ఆ పాయ మీదుగా తీసుకుపోయారు. ఈ పని భుజాన వేసుకున్నవాడు లెఫ్టినెంట్ హేగ్. వరద గడువు ఇక్కడా అంతే, ఒక్క ఎండాకాలంలో అడుగులు ముగించకపోతే మరుసటి ఏటికి ఏమీ మిగలదు. ఆ పాత కమానులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పక్కనే 2000లో తెరిచిన కొత్త అక్విడక్టుకు, ఈ లంకల్లోనే ఆకలన్నవాడికి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఎండాకాలంలో ఏట్లోకి దిగి కమాను కిందకు వెళ్లొచ్చు. ఇటుక వరసలు, మధ్య సున్నపు గీతలు చేత్తో తడిమి చూడండి, వేలిగోటితో గీకినా సున్నం రాలదు. కమాను పాదాల దగ్గర రాయి అంచులు మాత్రం వరద నీటికి అరిగి గుండ్రబడ్డాయి. జారుడు పాచి ఉంటుంది, చెప్పులు విప్పి నడవడం మేలు.

కాటన్ చేసినవన్నీ గెలవలేదు. ఆయన ప్రోద్బలంతో ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన కర్నూలు కడప కాలువ పెట్టుబడి రాబట్టలేక, చివరికి 1882లో సర్కారు చేతికి పోయింది. నల్లరేగడిలో వానకే జొన్న పండించుకునే రైతు డబ్బిచ్చి నీరు కొనడానికి ముందుకు రాలేదు. డెల్టా లెక్క సీమలో చెల్లలేదు. రైళ్ల కంటే పడవల కాలువలు చవకని ఆయన చివరిదాకా వాదించాడు. 1878లో లండన్ పార్లమెంటు సంఘం ముందు కూడా నిలబడి అదే చెప్పాడు. ఎవరూ వినలేదు. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ మీదుగా బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా పడవలు నడిచిన కాలం ఉందని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

1861లో సర్ బిరుదు వచ్చింది. ఉద్యోగం మానాక ఇంగ్లండులో డోర్కింగ్ ఊళ్లో స్థిరపడ్డాడు. అక్కడా కుర్చీలో కూర్చోలేదు. ఎనభై దాటిన వయసులో ఇంటి తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ వేసి, మామూలు దున్నకానికీ లోతు తవ్వకానికీ దిగుబడిలో తేడా ఎంతో చూశాడు. మట్టి గుల్లబారితే వేరు లోతుకు పోతుంది, వేరు లోతుకు పోతే పిలక ఎక్కువ కడుతుందన్నది ఆయన లెక్క. 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో, ఆ ఊళ్లోనే పోయాడు. సమాధి డోర్కింగ్ శ్మశానంలో ఉంది. లండన్ నుంచి రైల్లో గంట దూరం కాబట్టి అక్కడి తెలుగువాళ్లు వెళ్లి పూలు పెట్టి వస్తుంటారు. ఇక్కడ గోదావరి రేవుల్లో సంకల్పం చెప్పే పురోహితులు కొందరు రోజూ స్నానానికి నీరిచ్చిన మహానుభావుడిగా ఆయన పేరు శ్లోకంలో కలుపుకున్నారు.

గన్నవరం నుంచి తిరుగు ప్రయాణానికి అమలాపురం మీదుగా రావడం సుఖం, బస్సులు సాయంత్రం దాకా ఉంటాయి. కాలువలో నీరు పారుతుండగా కూడా చూడాలనుకునేవాళ్లు జూన్‌లో మళ్లీ రండి. నీరు వదిలే తేదీ ఏటా మారుతుంది, జలవనరుల శాఖ ముందుగానే ప్రకటిస్తుంది. తల తూము ఎత్తిన రోజు ధవళేశ్వరంలో ఉంటే ఎండిన కాలువ అడుగున మొదటి నీరు చెత్తను తోసుకుంటూ పోవడం చూడొచ్చు. ఆ నీరు చివరి బోదెకు చేరడానికి రోజులు పడుతుంది. శివారు రైతుకు అందిందా లేదా అన్నది ఆ తర్వాత ఊరూరా జరిగే మొదటి చర్చ.